ఓరుగల్లు భవనాల కదలికను భూమి కుదురుగా ఉన్నప్పుడే నమోదు చేయండి

గ్రేటర్ వరంగల్ మహానగరపాలక సంస్థ మేయర్, కమిషనర్ గార్లకు. హనుమకొండ, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

విషయం: ప్రభుత్వ ఆస్పత్రులు, బడులు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు వైర్‌లెస్ సెన్సర్లు అమర్చి, వాటి సహజ కదలికను భూకంపానికి ముందే నమోదు చేయించాలని మనవి.

మాన్యులారా,

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం తీవ్రతను జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం 5.3గా, లోతును 40 కిలోమీటర్లుగా నమోదు చేసింది. ఇటు హనుమకొండ, హైదరాబాద్, అటు భద్రాచలం, విజయవాడ వరకు జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి నిలబడ్డారు. ప్రాణనష్టం జరగలేదు కాబట్టి రెండు మూడు రోజుల్లో ఆ మాట మరుగున పడిపోయింది. అయితే ఆ ఉదయం మన భవనాలకు ఏమైందన్న ప్రశ్నకు మాత్రం సరైన జవాబు దొరకలేదు. ఏ ఆస్పత్రి ఎంత ఊగింది, ఏ ట్యాంకు కాళ్లు ఎంత శ్రమపడ్డాయి, ఊపుకు వంగకుండా నిలిచే వాటి బిగువు ఆ తర్వాత మునుపటిలాగే ఉందా అని అడిగితే, గోడ మీది పగులును చూపడం తప్ప మా వంటి ఇంజనీర్ల దగ్గర మరో ఆధారం లేదు.

నేను హనుమకొండలో నిర్మాణ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. భూకంపం తర్వాతి వారాల్లో తమ ఇల్లు ఒకసారి చూసి చెప్పమని చాలామంది పిలిచారు. అందరూ అడిగింది ఒక్కటే: ఈ పగులు పాతదా, మొన్న వచ్చిందా? దానికి మేం చేసే పరీక్ష చాలా మొరటుది. టార్చి వేసి పగులు అంచులు చూస్తాం. లోపల దుమ్ము పేరుకుని, సాలెగూడు ఉండి, ఎప్పుడో వేసిన సున్నమో రంగో పగులులోకి దిగి ఉంటే అది పాతది. అంచులు పదునుగా, శుభ్రంగా ఉండి, కింద నేల మీద సన్నని ప్లాస్టరింగ్ పొడి రాలి ఉంటే అది కొత్తది. అనుమానం తీరకపోతే పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీ అతికించి, అది విరుగుతుందేమో కొన్నాళ్లు కనిపెట్టి చూడమంటాం. ఇది పనికిమాలిన పద్ధతి కాదు, తరతరాలుగా మేస్త్రీలు, ఇంజనీర్లు నమ్ముకున్న పద్ధతే. కానీ ఇది ప్లాస్టరింగ్ గురించి చెప్పినంత స్పష్టంగా, దాని వెనుక ఉన్న కాంక్రీటు గురించి చెప్పలేదు. ఫాల్స్ సీలింగ్ పైన, టైల్స్ అతికించిన పిల్లర్ లోపల, బీమూ పిల్లరూ కలిసే చోట జరిగినదాన్ని అసలే చెప్పలేదు.

కంటికి కనిపించని నష్టం ఎంత పెద్దదో అమెరికాలో 1994 జనవరి 17న లాస్ ఏంజెలిస్ దగ్గర వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం చూపింది. అక్కడ ఎన్నో ఉక్కు చట్రపు భవనాలు బయటికి నిక్షేపంలా కనిపించాయి. తర్వాత గోడల తొడుగులు విప్పి చూస్తే, బీములను స్తంభాలకు కలిపిన వెల్డింగ్ అతుకులు పగిలిపోయి ఉన్నాయి. భూకంపాల గురించి అంత తెలిసిన చోటే చూపు అలా మోసపోయినప్పుడు, మనం కేవలం చూపు మీద ఆధారపడి ఒక ఆస్పత్రిని 'పర్వాలేదు, వాడుకోవచ్చు' అనడం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి.

వైర్‌లెస్ సెన్సర్లు ఈ లోటును కొంతవరకు తీర్చగలవు. పూర్తిగా తీరుస్తాయని నేను అనను, వాటి పరిమితులు కూడా ఈ లేఖలోనే చెబుతాను. ముందుగా అవి ఏం చేస్తాయో చెప్పాలి. ప్రతి భవనం గాలికి, రోడ్డు మీది లారీలకు, లిఫ్టు కదలికకు, మనుషుల నడకకు ఎప్పుడూ సన్నగా కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనంలో భవనానికి సొంతమైన ఒక వేగం ఉంటుంది. మన ఊళ్లో మామూలుగా కనిపించే నాలుగైదు అంతస్తుల కాంక్రీటు భవనమైతే సెకనుకు సుమారు రెండు నుంచి ఐదు సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దీన్నే సహజ పౌనఃపున్యం అంటాం. భవనం బరువు మారకుండా బిగువు తగ్గితే ఈ వేగం తగ్గుతుంది. కుండ కొనేవారు దాన్ని వేలితో కొట్టి, మోత తేడాను బట్టి బీటను పసిగట్టేదీ ఈ సూత్రం మీదే. లెక్కలో చెప్పాలంటే బిగువు పౌనఃపున్యం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి పౌనఃపున్యం పది శాతం పడిపోతే, భవనం తన బిగువులో దాదాపు 19 శాతం పోగొట్టుకుందని అర్థం. గోడ మీద గీత కూడా కనిపించని భవనంలో ఇంత మార్పు నమోదైతే, ఇంజనీరు తొడుగులు విప్పి చూడడానికి అది చాలినంత కారణం.

నా మనవి అంతా ఇక్కడే ఉంది. తగ్గిందని చెప్పాలంటే మునుపు ఎంత ఉండేదో తెలియాలి. భూకంపం వచ్చి వెళ్లాక ఎంత ఖరీదైన పరికరం తెచ్చి పెట్టినా, అది ఆ రోజు వేగాన్ని చెబుతుందే తప్ప ముందు రోజు వేగాన్ని చెప్పలేదు. నక్షా చూసి లెక్కగట్టవచ్చు కదా అంటారేమో. ఇటుక గోడలు భవనానికి ఇచ్చే బిగువు, వాడిన కాంక్రీటు నాణ్యత, యజమాని తర్వాత కొట్టించిన గోడలు, పైన వేసిన రేకుల షెడ్డు, ఇవన్నీ కలిసి లెక్కకూ వాస్తవానికీ మధ్య పెద్ద తేడా తెస్తాయి. మనం వెతికే పది శాతం మార్పు ఆ తేడాలోనే కలిసిపోతుంది. అందువల్ల భవనాలు బాగున్నప్పుడే, భూమి కుదురుగా ఉన్నప్పుడే వాటి సహజ కదలికను కొలిచి దాచుకోవాలి. డిసెంబర్ 4కు ముందు ఆ కొలతలు ఉండి ఉంటే, డిసెంబర్ 5 నాటికే ఏ భవనాన్ని ముందు పరీక్షించాలో జాబితా తయారయ్యేది.

ఒక్క రోజు కొలిచి ఫైలులో పెడితే సరిపోదు, కనీసం ఏడాది పొడవునా కొలవాలి. ఎండకు, వానకు కూడా భవనం పౌనఃపున్యం మారుతుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో, మిలికన్ లైబ్రరీగా పేరుపడిన తొమ్మిదంతస్తుల భవనాన్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. భారీ వర్షానికి, ఈదురు గాలికి, ఎండ తీవ్రతకు దాని పౌనఃపున్యం కొద్ది కొద్దిగా మారుతూ ఉండడం అక్కడి కొలతల్లో కనిపించింది. మే నెల ఎండకు, జూలై ముసురుకు, డిసెంబర్ చలికి ఇంత తేడా ఉండే మన ప్రాంతంలో, ఆ మూడు కాలాల కొలతలూ చేతిలో లేకపోతే, ఎండ తెచ్చిన మార్పును భూకంపానికి అంటగట్టే ప్రమాదమూ, భూకంపం తెచ్చిన మార్పును ఎండ ఖాతాలో వేసి ఊరుకునే ప్రమాదమూ రెండూ ఉన్నాయి. రెండోదే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

ఓవర్‌హెడ్ ట్యాంకుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే భూకంపం తర్వాత మంటలార్పడానికీ, తాగడానికీ నీళ్లు కావాలి, కానీ ఆ నీళ్లు మోసే కట్టడమే అన్నిటికంటే బలహీనమైనది. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో గుజరాత్‌లో చాలా ట్యాంకుల కింది గొట్టపు స్తంభాలు చుట్టూ అడ్డంగా పగిలాయి. ట్యాంకు బరువంతా తల మీదే ఉంటుంది. తెల్లవారుజామున నిండుగా ఉన్నప్పుడు అది మెల్లగా ఊగుతుంది. నల్లా వదిలాక ఖాళీ అయితే వేగంగా ఊగుతుంది. ఈ తేడా నష్టం వల్ల వచ్చే తేడా కంటే ఎంతో పెద్దది కాబట్టి, నీటి మట్టాన్ని పక్కనే నమోదు చేయకుండా ట్యాంకు మీద సెన్సర్ పెడితే ఆ కొలతకు అర్థమే ఉండదు. అయితే ఇక్కడ పరిష్కారం కూడా మన చేతిలోనే ఉంది: ట్యాంకు నింపే, వదిలే వేళలు మీ లైన్‌మన్‌కు తెలుసు. నిండిన ప్రతిసారీ, ఖాళీ అయిన ప్రతిసారీ ఒక కొలత తీస్తే, నెల తిరిగేసరికి ఆ ట్యాంకు తీరు మనకు తెలిసిపోతుంది.

'మన దక్కన్ పీఠభూమికి భూకంపాల బాధ లేదు' అనే మాట ఇంకా వింటూనే ఉన్నాను. 1993 సెప్టెంబర్ 30కి ముందు లాతూర్ జిల్లా కిల్లారి కూడా అప్పటి భూకంప ప్రమాద పటంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి మండలం (జోన్)లోనే ఉండేది. ఆ తెల్లవారుజామున అక్కడ వేల మంది నిద్రలోనే చనిపోయారు. మన పక్కన గోదావరి లోయ భూగర్భంలో పాత పగుళ్ల వెంట ఏర్పడినది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, మళ్లీ 55 ఏళ్లకు ములుగులో 5.3 తీవ్రతతో కదిలింది. భూకంపాన్ని తట్టుకునే కట్టడాల కోసం 2016లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 ప్రకారం తెలంగాణలో ఎక్కువ భాగం రెండో మండలంలో, గోదావరి వైపు తూర్పు ప్రాంతం మూడో మండలంలో ఉంది. మండలాలను విడదీసే ఈ గీతకు ఒక ఫలితం ఉంది. పిల్లర్లలో నిలువు కడ్డీల చుట్టూ ఇనుప రింగులు దగ్గర దగ్గరగా కట్టాలని, వాటి కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలని చెప్పే ఐఎస్ 13920 ప్రమాణం మూడో మండలం నుంచే తప్పనిసరి. కాబట్టి రెండో మండలంలో కట్టిన భవనాల్లో చాలావాటికి ఆ రక్షణ ఉంటుందని అనుకోలేం. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీదే నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు 2001 భుజ్ భూకంపంలో, అహ్మదాబాద్‌లో భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి కూడా కుప్పకూలాయి. హంటర్ రోడ్డు వెంట, బాలసముద్రంలో, నక్కలగుట్టలో స్టిల్ట్ పార్కింగ్ ఉన్న భవనాలు ఎన్ని లేచాయో మీ అనుమతుల రిజిస్టర్లే చెబుతాయి. పైగా చెరువు శిఖం భూముల్లో, మెత్తటి నేల మీద లేచిన కాలనీలు మనకు తక్కువ లేవు. మెత్తటి నేల కుదుపును పెంచుతుంది. పాత సరస్సు అడుగున కట్టిన మెక్సికో నగరం 1985లో, కేంద్రం అంత దూరాన ఉన్నా, ఆ కారణంగానే దెబ్బతిన్నది.

అదే అహ్మదాబాద్‌లో మనకు దారి చూపే విషయం కూడా ఒకటి ఉంది. అక్కడి పాస్‌పోర్ట్ కార్యాలయపు బహుళ అంతస్తుల భవనంలో రూర్కీ విశ్వవిద్యాలయం ముందే పరికరాలు అమర్చి ఉంచింది. భుజ్ భూకంపం నాడు ఆ భవనం కింది అంతస్తులో నేల గురుత్వ త్వరణంలో పదో వంతుకు కాస్త పైన కుదిపినట్టు అవి నమోదు చేశాయి. అంత పెద్ద నగరంలో అసలు కుదుపు ఎంత, భవనం దాన్ని ఎలా తట్టుకుంది అని చదువుకోవడానికి మన ఇంజనీర్లు ఇప్పటికీ ఆ ఒక్క భవనం కొలతల వైపే చూస్తారు. కాలిఫోర్నియా రాష్ట్రం 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత, 1972లో, భవనాల్లో, వంతెనల్లో పరికరాలు అమర్చే ప్రభుత్వ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అప్పట్లో ప్రతి సెన్సర్ నుంచి కేబుల్ లాగాలి కాబట్టి ఖర్చు భారీగా ఉండేది. గోడలకు రంధ్రాలు చేసి, అంతస్తు నుంచి అంతస్తుకు తీగలు దింపే ఆ పనిని వైర్‌లెస్ పరికరాలు తప్పించాయి. నడుస్తున్న ఆస్పత్రిలో రోగులను కదపకుండా ఒక పూటలో అమర్చగలగడం వీటి అసలు ప్రయోజనం.

ఇప్పుడు వీటి ఇబ్బందుల సంగతి. టెండర్లు పిలిచే అధికారులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. మొదటిది గడియారం. తీగ లేని ప్రతి సెన్సర్‌కూ సొంత గడియారం ఉంటుంది. చౌక గడియారం పది లక్షల్లో ఇరవై వంతులు తప్పినా, రోజు తిరిగేసరికి తేడా 1.7 సెకన్లు అవుతుంది. సెకనుకు నాలుగు సార్లు ఊగే భవనంలో ఒక ఊపు పావు సెకనే కాబట్టి, అంత తేడా ఉంటే మూడో అంతస్తు ఎటు కదిలినప్పుడు ఐదో అంతస్తు ఎటు కదిలిందో చెప్పడం అసాధ్యం. సెన్సర్లన్నీ ఒకదానితో ఒకటి మిల్లీసెకన్ల లోపు తేడాతో కాలాన్ని సరిచూసుకోవాలన్న షరతు టెండరులో ఉండి తీరాలి. రెండోది సెన్సర్ నాణ్యత. సెల్‌ఫోన్లలో ఉండే త్వరణ చిప్ పెద్ద కుదుపును పట్టుకుంటుంది గానీ, మామూలు రోజున భవనం చేసే అతి సన్నని కంపనం ఆ చిప్ సొంత సడిలో (నాయిస్‌లో) మునిగిపోతుంది. మునుపటి కొలతే ఈ పనికి ప్రాణం కాబట్టి, తక్కువ సడి ఉన్న సెన్సర్ల మీద రాజీ పడితే డబ్బంతా వృథా. మూడోది సమాచార పరిమాణం. మూడు దిశల్లో సెకనుకు వందసార్లు కొలిచే ఒక్క సెన్సర్ రోజుకు దాదాపు 2.6 కోట్ల అంకెలు పుట్టిస్తుంది. ఇవన్నీ రేడియోలో పంపితే బ్యాటరీ కొద్ది రోజులకే అయిపోతుంది. లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండులో నడిచే దూరశ్రేణి రేడియోలకు అంత మోసే శక్తీ లేదు. లెక్క సెన్సర్ దగ్గరే జరిగి ఫలితం మాత్రం రావాలి, కుదుపు వచ్చినప్పుడు ముందరి కొన్ని సెకన్లతో సహా పూర్తి కొలత లోపలి మెమరీలో నిలవాలి. భూకంపం వచ్చిన గంటలో ఫోన్ నెట్‌వర్కులు కిక్కిరిసిపోతాయి కాబట్టి, ఆ సమాచారం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కు చేరితేనే పనిచేసే వ్యవస్థను దయచేసి కొనకండి. కరెంటు ఉన్న భవనాల్లో కరెంటుకే కలిపి, బ్యాటరీని అండగా ఉంచుకోవడం అన్నిటికంటే తేలిక.

పరికరం చేయలేనిదీ చెప్పాలి. ఒక బీములో చిన్న పగులు వస్తే భవనం మొత్తం పౌనఃపున్యం పెద్దగా మారదు. సెన్సర్లు 'ఏదో జరిగింది' అని చెప్పినంత గట్టిగా 'ఫలానా చోట జరిగింది' అని చెప్పలేవు. మట్టెవాడ, గిర్మాజిపేట వంటి పాత పేటల్లో మట్టి, సున్నం గోడల మీద నిలిచిన పెంకుటిళ్లకు ఈ పద్ధతి పెద్దగా అక్కరకు రాదు, వాటికి అనుభవజ్ఞుడి చూపే మేలు. సెన్సర్ ఏ భవనాన్నీ బలపరచదు. రింగులు సరిగా లేని పిల్లరుకు జాకెటింగ్ చేయడానికి, అంటే చుట్టూ కొత్త తొడుగు వేసి బలపరచడానికి బదులుగా దీన్ని పెట్టామంటే అది ప్రజల్ని మోసగించడమే అవుతుంది.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. భూపాలపల్లి, రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో పేలుళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పేలుళ్లు, కాజీపేట జంక్షన్‌లో గూడ్సు బండ్లు, అన్నీ సెన్సర్లలో నమోదవుతాయి. భూకంపం ఒకేసారి నాలుగు ఊళ్ల సెన్సర్లలో కనిపిస్తుంది, పేలుడు దగ్గరలోనే కనిపించి క్షణాల్లో చల్లారుతుంది కాబట్టి రెంటినీ వేరుచేయడం కష్టం కాదు. గని పక్క ఊళ్లో బడి గోడ నెర్రెలిస్తే అది పేలుళ్ల వల్లనా, నల్లరేగడి నేల ఉబ్బి కుంగడం వల్లనా అని ఏళ్ల తరబడి సాగే తగాదాలకు కూడా ఈ కొలతలు ఒక సాక్ష్యం అవుతాయి. ఆ ఊళ్ల ప్రజలకు ఇంతవరకు అలాంటి సాక్ష్యం చేతికి అందలేదు.

కాబట్టి నేను కోరేది పెద్ద పథకం కాదు. మొదటి విడతలో ప్రతి జిల్లాలో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి, ఒక ఫైర్ స్టేషన్, ఎక్కువ మందికి నీళ్లిచ్చే కొన్ని ట్యాంకులు, 2023 జూలై వంటి వరదలప్పుడు జనాన్ని తరలించే బడి భవనాలు తీసుకోండి. కట్టడానికి అడుగున ఒకటి, మధ్యలో ఒకటి, పైకప్పు మూలల్లో రెండు చొప్పున సెన్సర్లు ఉంటే మొదటికి సరిపోతుంది. మూలల్లో రెండు ఎందుకంటే భవనం మెలి తిరగడం అప్పుడే తెలుస్తుంది. వరంగల్ ఎన్‌ఐటీలో నిర్మాణ ఇంజనీరింగ్ విభాగం ఉంది, హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. కొలతల బాధ్యతను వారితో కలిసి పంచుకోండి. రామప్ప గుడి భూకంపం వచ్చిన జిల్లాలోనే ఉంది. 1213 నాటి ఆ కట్టడం రాయికి జిగురు అంటకుండా, పురావస్తు శాఖ అనుమతితో, పక్కన పెట్టి తీసేయగల పరికరాలతో ఏడాదికి రెండుసార్లు కొలిచినా ఎంతో మేలు.

అన్నిటికంటే ముందు తేల్చవలసింది మరొకటి ఉంది. సెన్సర్ ప్రమాదం చూపినప్పుడు ఎవరు ఏం చేస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా ఉండాలి. పౌనఃపున్యం ఎంత పడిపోతే ఇంజనీరు వెళ్లి చూడాలి, ఎంత పడిపోతే పై అంతస్తులు ఖాళీ చేయించాలి, రాత్రి రెండు గంటలకైనా ఆ ఉత్తర్వుపై సంతకం పెట్టే అధికారం ఎవరికి ఉంది, ఖాళీ చేయించిన రోగులను ఎక్కడికి తీసుకెళ్లాలి? ఇవి తేలకపోతే పరికరం చూపిన హెచ్చరిక మేజా మీద కాగితమై మిగిలిపోతుంది. ప్రారంభోత్సవం నాడు మెరిసి, బ్యాటరీ మార్చే దిక్కులేక ఆగిపోయిన పరికరాలను మనమంతా చూశాం. నిర్వహణ ఒప్పందం కనీసం ఐదేళ్లకు ఉండాలి, ముడి సమాచారం కంపెనీది కాక ప్రజలది కావాలి, ఏటా ఒక నివేదికను తెలుగులో బయటపెట్టాలి. ప్రైవేటు అపార్ట్‌మెంట్ల వారు ముందుకొస్తే వారి కొలతలను వారికే ఇచ్చి, వారి సమ్మతి లేకుండా బయటపెట్టబోమని హామీ ఇవ్వండి. ఫ్లాటు ధర పడిపోతుందన్న భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేస్తే ఎవరూ తలుపు తీయరు.

రానున్న బడ్జెట్ ప్రతిపాదనల్లో దీనికి ఒక పద్దు కేటాయించి, భవనాల జాబితాను ప్రజల ముందు ఉంచాలని కోరుతున్నాను. ఆ జాబితా తయారుచేయడానికి, ట్యాంకుల తొలి కొలతలు తీయడానికి, టెండరు షరతులు రాయడానికి నా వంతు పని ప్రతిఫలం లేకుండా చేయడానికి సిద్ధంగా ఉన్నాను. తోటి ఇంజనీర్లు కొందరు కూడా కలిసి వస్తామన్నారు. వచ్చే ఎండాకాలం మొదలయ్యేలోపు సెన్సర్లు అమర్చగలిగితే, ఎండ, వాన, చలి మూడు కాలాల కొలతలూ ఒకే ఏడాదిలో చేతికి వస్తాయి.

ఇట్లు,
భవదీయుడు,
హనుమకొండకు చెందిన ఒక నిర్మాణ ఇంజనీరు